చేతి దరువు – యంత్రపు దరువు

భరతముని వాద్యములను నాలుగు తెగలుగా విభజించెను. తీగలు గలవి తతములు, ఊదునవి సుషిరములు, కంచు తాళముల వంటివి ఘనములు, చర్మముతో మూయబడినవి అవనద్ధములు. శతాబ్దముల తరబడి ఈ విభజనకు లోటు కలుగలేదు. పాశ్చాత్య దేశములనుండి వయొలిన్ వచ్చినను, క్లారినెట్ వచ్చినను, అవి ఈ నాలుగిండ్లలో ఏదో యొకదానియందు చోటు చేసికొనినవి. కాని నేడు హైదరాబాదులోను, చెన్నైలోను పాటలు రికార్డు చేయు స్టూడియోలలో ఏ యింటికిని చెందని వాద్యమొకటి నిత్యము మ్రోగుచున్నది. దానికి చర్మము లేదు. రబ్బరు పలక యున్నది. కొట్టినచోట నాదము పుట్టదు. ఆ దెబ్బ విద్యుత్ సంకేతముగ మారి, యంత్రములో ఎన్నడో దాచియుంచిన వేరొక దెబ్బను మేల్కొల్పును. వాయించువాడు ఇప్పుడు వాయించుచున్నాడు; వినబడు నాదము మాత్రము ఏనాటిదో, ఎవరిదో.

ఈ యంత్రవాద్యము చర్మవాద్యమును వెడలగొట్టునా యని నలుబది యేండ్లకు పైగా వాదోపవాదములు జరిగినవి. వాదములు తెగకమునుపే అనుభవము తీర్పు చెప్పివేసినది. వెడలగొట్టలేదు, రెండును ఒకే పాటలో కాపురము పెట్టినవి. డ్రమ్ముల వరుస ముందు కూర్చున్న వాద్యకారుడు కుడిచేత నిజమైన తాళమును, ఎడమచేత ఎలక్ట్రానిక్ పలకను వాయించుట నేడు వింత కాదు. తబలా, డోలక్కు, డప్పు రికార్డయిన పిమ్మట వాని క్రింద యంత్రపు గుమకను పరచుటయు వింత కాదు. కనుక ఇప్పుడు అడుగదగిన ప్రశ్న వేరు. ఈ కాపురములో ఎవరి వెనుక ఎవరు నడచుచున్నారు? చేతి దరువు వినబడినపుడు ఆ చేయి ఎవరిదో లోకమునకు తెలియుచున్నదా?

అనుకరణమే దోషమనువారు కొందరు కలరు. వారు నాట్యశాస్త్రములోని స్వాతిముని కథను తలచుకొనుట మంచిది. వర్షము కురియుచుండగా ఆ ముని నీరు తెచ్చుటకు కొలనికి పోయెను. తామరాకులపై చినుకులు పడుచుండెను. పెద్ద ఆకులపై ఒక ధ్వని, నడిమి ఆకులపై ఒకటి, చిన్నవానిపై వేరొకటి. వానిని మనసున నిలిపికొని ఆశ్రమమునకు మరలివచ్చి, విశ్వకర్మ సాయమున పుష్కర వాద్యములను కల్పించెను. అనగా మన సంప్రదాయమున మృదంగజాతికి మూలము వాన చప్పుడునకు అనుకరణమే. అయినను ఒక భేదము గమనింపవలెను. స్వాతి వానను కుండలో పట్టి తెచ్చి సభలో పోయలేదు. వాన నేర్పిన పాఠముతో కొత్త దెబ్బలు పుట్టించు వాద్యమును చేసెను. నేటి యంత్రము దెబ్బనే పట్టి దాచును. చిక్కంతయు ఇచ్చట మొదలైనది.

చేయి చర్మమును తాకినపుడు రెండు విషయములు ఒక్క క్షణమున పుట్టుచుండెను: నాదము, కాలము. ఏ నాదము పుట్టినది, ఎప్పుడు పుట్టినది అను రెండు ప్రశ్నలకు సమాధానము ఒక్క మనుష్యుని వద్దనే యుండెను. యంత్రము ఈ రెండింటిని విడదీసినది. ఒకరి నాదమును మరియొకరి కాలమున పెట్టవచ్చును; మనుష్యుని నాదమును గడియారపు కాలమున పెట్టవచ్చును; యంత్రపు నాదమును మనుష్యుని కాలమున పెట్టవచ్చును. స్టూడియోలో ఈ రెండు డ్రమ్ములను కలుపుటయనగా నిజమునకు ఈ విడిపోయిన జంటను మరల కలుపుటయే. (నేటి పాశ్చాత్య డ్రమ్ములపై నున్నది చర్మము గాక 1950ల చివరనుండి వ్యాప్తిలోనికి వచ్చిన ప్లాస్టిక్ పొర, అయినను చేతి దెబ్బకు అదరు పొర గావున దానినికూడ ఇచ్చట చర్మవాద్యమనియే పిలుచుట జరిగినది.)

ఈ కలయిక తొలుత అమెరికా, ఇంగ్లండులలో జరిగినది. 1971లో 'స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్' బృందము తమ రికార్డులో యంత్రపు లయను వాడి, దానిపై నిజమైన డ్రమ్ములను చేర్చినది. ఆనాటి యంత్రములు హోటళ్లలో ఆర్గను వాయించువారికి తోడుగ కల్పింపబడినవి. వాని నాదము డబ్బాలో గులకరాళ్లు కదిపినట్లుండెడిది. ఆ పేదతనమే ఒక అందమని గ్రహించుట ఆ రికార్డు విశేషము.

అసలు మలుపు 1979లో లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో వచ్చినది. గాయకుడు పీటర్ గేబ్రియల్ తన మూడవ ఆల్బమును అచ్చట రికార్డు చేయుచుండెను. అందులో కంచు తాళములను వాడరాదని ఆయన నిషేధము పెట్టెను. డ్రమ్ములు వాయించినవాడు ఫిల్ కాలిన్స్. ఇంజనీరు హ్యూ పాడ్గమ్. వాద్యకారులు గదిలోనుండి మాటాడునది ఇంజనీరుకు వినబడుటకై పైన ఒక మైకు వ్రేలాడుచుండెను. దూరముననున్నవాని మాటయు దగ్గరివాని మాటయు సమానముగ వినబడునట్లు, పెద్ద ధ్వనిని నొక్కి చిన్న ధ్వనిని లేపు సాధనము దానికి తగిలింపబడియుండెను. అది మాటలకొరకేగాని రికార్డు చేయుటకు కాదు. కాలిన్స్ వాయించుచుండగా ఆ మైకు తెరవబడుటతో గది ప్రతిధ్వని అంతయు ఉప్పెనవలె పైకి వచ్చినది. పాడ్గమ్ ఆ మైకును రికార్డు చేయుటకు మార్గమేర్పరచెను. ప్రతిధ్వని పూర్తిగ చల్లారకమునుపే తలుపు మూసినట్లు తెగగొట్టు సాధనమును దానికి జోడించెను. దెబ్బ పెద్దది, కాని దాని తోక లేదు. చేతి దెబ్బయే; కాని ప్రకృతిలో ఎచ్చటను వినబడని నాదము.

1981లో అదే కాలిన్స్ తన 'ఇన్ ది ఎయిర్ టునైట్' అను పాటను వెలువరించెను. పాట మొదటినుండి రోలండ్ సంస్థవారి సి.ఆర్.-78 అను చిన్న యంత్రము సన్నగ, మార్పులేక, నాడివలె కొట్టుకొనుచుండును. మూడున్నర నిమిషములు దాటువరకు డ్రమ్ములు రావు. అప్పుడు ఒక్కసారి ఆ తోకలేని పెద్ద దెబ్బలు విరుచుకొనిపడును. లోకమంతటను శ్రోతలు ఆ క్షణమునకై కాచుకొనియుందురు. ఇందు నేర్వదగిన దేమనగా, యంత్రమును చేయియు ఒకే పని చేయలేదు. యంత్రము మార్పులేమిని ఇచ్చినది. చేయి మార్పును తెచ్చినది. మూడున్నర నిమిషముల ఆ నిర్వికారమైన టిక్కు టిక్కు లేనిచో, తరువాతి దెబ్బకు అంత బరువు వచ్చెడిది కాదు. నేటి పాటలలో అనేకములు విఫలమగుట ఇచ్చటనే. రెండు డ్రమ్ములు మొదటినుండి చివరవరకు ఒకే దరువును ఒకేసారి కొట్టుచుండును. ఒకరు చెప్పిన మాటను ఇద్దరు కలిసి అరచినచో మాటకు బలము రాదు గదా!

దాదాపు ఆ దినములలోనే మరియొక దారియు తెరచుకొనినది. స్టీలీ డాన్ బృందము 1980లో వెలువరించిన 'గౌచో' అను ఆల్బముకొరకు, ఇంజనీరు రోజర్ నికల్స్ 'వెండెల్' అను యంత్రమును స్వయముగ నిర్మించెను. ఉత్తమ వాద్యకారుల దెబ్బలను పట్టి, వానిని కొలిచినట్లు కాలమున పేర్చుట దాని పని. నాదము చేతిది, కాలము గడియారముది. కాలిన్స్ పాటలో యంత్రముతోపాటు మనుష్యుని కాలముకూడ బ్రతికియుండెను. ఇచ్చట మనుష్యుని నాదమునకు బ్రతుకు దక్కినది, అతని కాలము తొలగింపబడినది. నేడు కంప్యూటరులో ఒక్క మీట నొక్కి దరువునంతయు గడులలో సర్దివేయు పద్ధతికి ఇది పూర్వరూపము.

అదే 1980లో రోజర్ లిన్ అను అమెరికను 'ఎల్.ఎం.-1' అను యంత్రమును విపణిలోనికి తెచ్చెను. నిజమైన డ్రమ్ముల దెబ్బలను సంఖ్యల రూపమున దాచుకొన్న మొదటి లయయంత్రమది. వెల సుమారు 5,000 డాలర్లు. తయారైనవి సుమారు 500 మాత్రమే. అందులో పెద్ద కంచు తాళములు లేవు. ఏలనన డ్రమ్ము దెబ్బ రెప్పపాటున చల్లారును. తాళపు మ్రోత చాలసేపు నిలుచును. అంత నిడివిని దాచుటకు కావలసిన జ్ఞాపకశక్తికి ఆనాడు వెల యెక్కువ. ఈ చిన్న సంగతి ఇప్పటికిని రికార్డింగులకు దారి చూపుచున్నది. జ్ఞాపకశక్తి చౌకయైనను, కంచు తాళము దెబ్బ దెబ్బకు మారు తీరును పలక పట్టలేదు. కనుక తెలిసిన ఇంజనీరులు డ్రమ్ములను యంత్రమునకు విడిచినను, తాళములను మాత్రము నిజమైనవే వాయింపింతురు.

ఎల్.ఎం.-1లోని దెబ్బలలో పెక్కు ఆర్ట్ వుడ్ అను స్టూడియో వాద్యకారునివి. ప్రిన్స్ వంటి గాయకుల పాటలద్వారా ఆ నాదము ఖండఖండాంతరములకు ప్రాకినది. ఆ దెబ్బను విన్నవారి సంఖ్యకు లెక్క లేదు. ఆ పేరు విన్నవారు అరుదు.

ఇక రెండింటిని కలుపుటలోని సాంకేతిక విషయమును కొంత చూడవలెను. ఇది విద్యార్థులు తరగతిలో చదువు భౌతికశాస్త్రమే. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. అనగా మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు. డ్రమ్ముపై ఒక మీటరు ఎత్తున వ్రేలాడు మైకునకు దెబ్బ దాదాపు మూడు మిల్లీసెకనులు ఆలస్యముగ చేరును. ఎలక్ట్రానిక్ పలకనుండి బయలుదేరిన సంకేతమునకు గాలి ప్రయాణము లేదు. కాని దెబ్బను గుర్తించి, బలమును కొలిచి, దాచిన నాదమును తీయుటకు దానికిని కొన్ని మిల్లీసెకనులు పట్టును. ఒకే చేతినుండి వచ్చిన రెండు నాదములు ఈ విధముగ వేర్వేరు వేళల చేరుచున్నవి. ఈ తేడా సుమారు 30 మిల్లీసెకనులు దాటినచో చెవికి రెండు దెబ్బలుగ వినబడును. అంతకు చాల తక్కువైనచో ఒక్కటిగనే వినబడును. ప్రమాదమున్నది ఈ రెండవ స్థితిలోనే. ఏలనన తప్పు జరిగినట్లు తెలియదు.

పెద్ద డ్రమ్ము గుమకలో సెకనుకు 60 కంపనము లున్నవనుకొందము. ఒక్కొక్క కంపనము 16.7 మిల్లీసెకనులు, అందు సగము 8.3. చర్మపు డ్రమ్మునకు యంత్రపు డ్రమ్మునకు నడుమ సరిగా ఇంత తేడా వచ్చినచో, ఒకటి గాలిని ముందునకు నెట్టుచుండగా రెండవది వెనుకకు లాగుచుండును. రెండు గుమకలు కలిసి ఒక్క గుమకకంటె బలహీనమగును. ఒకటికి ఒకటి కలిపిన రెండు రావలెను గదా యని అమాయకుడు ఆశ్చర్యపడును. శబ్దశాస్త్రమున సున్నకూడ రావచ్చును. అందుచే ఇంజనీరు తెరపై రెండు తరంగముల మొదళ్లను పెద్దవి చేసి చూచి, ఒకదానిని వెంట్రుకవాసి జరుపును. లేదా ఒకదానిని తలక్రిందులు చేసి వినును. ఏది నిండుగ నున్నదో దానిని ఉంచును.

వేళలు సరిపడినను వాటాలు తేలవలెను. అన్నదమ్ములు పొలము పంచుకొన్నట్లు, అడుగు నాదమును యంత్రమునకు, పై తాకుడును చర్మమునకు ఇచ్చి నడుమ గట్టు వేయుట మంచి పద్ధతి. ఇద్దరికిని మొత్తము పొలము కావలెనన్నచో పంట దక్కదు. ఇంకొక చిక్కు గది. నిజమైన డ్రమ్ము ఒక గదిలో మ్రోగినది. ఆ గోడల పలుకు దానితోపాటు వచ్చును. యంత్రపు నాదమునకు ఊరు లేదు, ఇల్లు లేదు. రెండును ప్రక్కప్రక్కన పెట్టినపుడు పరాయివాడు వచ్చి పంక్తిలో కూర్చున్నట్లుండును. దీనికి చక్కని ఉపాయము కలదు. యంత్రపు నాదమును స్పీకరుద్వారా అదే గదిలో మ్రోగించి, అవే మైకులతో మరల పట్టవలెను. యంత్రముకూడ ఆ గది గాలిని పీల్చిన పిమ్మట కలయిక సహజమగును. ఇంత శ్రమపడువారు తక్కువ. పడినవారి రికార్డులు చెవికి వెంటనే తెలియును.

మన వాద్యముల విషయమున చిక్కులు మరింత ఎక్కువ. సాధారణముగ బిగించిన పొరనుండి పుట్టు ఉపస్వరములు ఒకదానితో నొకటి పొసగవు. మృదంగము, తబలాల నడుమనున్న నల్లని కరణివలన అవి స్వరబద్ధమగుచున్నవని సి.వి. రామన్ శివకాళి కుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో ప్రకటించెను. అనగా మృదంగమునకు శ్రుతి కలదు. దాని క్రింద శ్రుతి చూడని యంత్రపు గుమకను వేసినచో వాద్యము అవమానింపబడును. యంత్రపు గుమకను పాట షడ్జమునకు సరిచేయుట నిమిషముల పని, చేయకపోవుట సోమరితనము.

మరియొకటి. 1983లో వాద్యయంత్రములన్నియు ఒకదానితో నొకటి మాటాడుకొనుటకు 'మిడి' అను ఉమ్మడి భాష ఏర్పడినది. అందు దెబ్బ బలమునకు 127 మెట్లున్నవి. 2020లో వచ్చిన రెండవ రూపమున 65,536 మెట్లు చేయబడినవి. మెట్లు ఎన్ని పెంచినను అది చెప్పునది దెబ్బ ఎంత గట్టిది అనుటయే. మృదంగ విద్వాంసుడు ఎడమ ముఖముపై అరచేతి అడుగును రాపి నాదమును వంచు గుంకీని ఏ మెట్టుపై పెట్టగలము? అది దెబ్బయే కాదు. దెబ్బ తరువాతి కథ. ఇట్టి వాద్యమునకు యంత్రమును జోడించునపుడు యంత్రము దూరముగ నడచుటయే మర్యాద.

తెలుగు పాటకు ఈ మార్పులు వచ్చిన దారి మద్రాసుగుండ వచ్చినది. 1950లు, 60లలో తెలుగు చలనచిత్ర గీతములు ఆ నగరమున రికార్డగుచున్నపుడు గాయకుడును వాద్యబృందమును ఒకే హాలులో కూడి ఒకేసారి వాయించుచుండిరి. డోలక్కువాడు ఒక దెబ్బ తప్పినచో పాటంతయు మరల మొదలు. ఆ కష్టములో ఒక లాభముండెను: లయకారుడు గాయకుని ముఖమును చూచుచు వాయించెడివాడు. ఊపిరి పీల్చుటకు గాయకుడు వెంట్రుకవాసి నిలిచినచో అతడును నిలిచెడివాడు. తరువాత బహుళ ట్రాకుల పద్ధతి వచ్చి ఒక్కొక్కరిని విడివిడిగ రికార్డు చేయుట సాధ్యమైనది. 1980లలో రాజ్-కోటి సంగీతముతో తెలుగు పాటలో ఎలక్ట్రానిక్ వాద్యముల పాలు హెచ్చినది. వారి వద్ద కీబోర్డు వాయించిన దిలీప్ అను యువకుడు 1989లో మద్రాసులో తన యింటనే పంచతన్ స్టూడియోను నెలకొల్పుకొనెను. 1992లో 'రోజా' చిత్రముతో అతడు ఎ.ఆర్. రహమాన్ పేర లోకమునకు తెలిసెను. ఆ చిత్రము తెలుగులోనికి అనువదింపబడి ఇంటింట వినబడినది. యంత్రపు దరువుల నడుమ శివమణి వంటి వాద్యకారుల చేతి దెబ్బలను పొదుగుట రహమాన్ సంగీతములోని బలములలో ఒకటి. యంత్రమును వాడినందుకు ఆయనను నిందించినవారు ఆనాడు కలరు. చేయిని విడువనందుకు మెచ్చుకొనినవారు మాత్రము తక్కువ.

రోలండ్ సంస్థ 1985లో తెచ్చిన ఎనిమిది గడుల 'ఆక్టోపాడ్' మన దేశమున పొందిన ఆదరణ ఇంతంత కాదు. స్టూడియోనుండి అది పెండ్లి పందిళ్లకు, భజన మండళ్లకు, ఆర్కెస్ట్రాలకు దిగివచ్చినది. నేడు తెలంగాణ జానపద గీతముల రికార్డులలో తీన్‌మార్ దరువు వినబడినచో అది పలకనుండి వచ్చినదో, డప్పునుండి వచ్చినదో, రెండింటి కలయికయో చెప్పుట కష్టము.

డప్పు కథ ఇచ్చట కొంత నిలిచి చెప్పదగినది. గుండ్రని చట్రమునకు బిగించిన తోలు, చేతిలో రెండు పుల్లలు. ఒకటి పొట్టిది, లావైనది, వేరొకటి సన్ననిది, పొడవైనది. వాయించుటకు ముందు మంటవద్ద కాచవలెను. వేడికి తోలు బిగిసి కంఠము విప్పును. కొంతసేపటికి చల్లబడి శ్రుతి దిగును, మరల కాచవలెను. ఊరేగింపులో ఇది సహజము. స్టూడియోలో మంట పెట్టుటకు వీలులేదు. డప్పు శ్రుతి దిగుచుండగా దాని క్రింద వేసిన యంత్రపు గుమక అచ్చటనే నిలిచియుండును. మొదటి మారు వాయించినపుడు కలిసిన రెండు నాదములు అయిదవ మారునకు కలియవు. అప్పుడు రెండు దారులున్నవి. డప్పును మరల కాచుకొని వచ్చువరకు వేచియుండుట ఒకటి. మొదటి మారు రికార్డయిన నాలుగు మంచి దెబ్బలను కోసి, పాటంతయు వానినే అతికించుట రెండవది. గంటల లెక్కన అద్దె చెల్లించు చోట రెండవ దారికే మొగ్గు హెచ్చు.

ఫలితము తెలిసినదే. ఒకే దెబ్బ అచ్చుగుద్దినట్లు మరల మరల పడుచుండుటచే తుపాకి పేలినట్లుండును. దానిని కప్పిపుచ్చుటకు ఒక్కొక్క దెబ్బకు అయిదారు రకములను రికార్డు చేసికొని, యంత్రము వానిని వంతులవారీగ మార్చునట్లు చేయుదురు. ఇది మంచి ఉపాయమే. కాని ఈ ఉపాయము ఎంత బాగుగ పనిచేసినచో ఆ డప్పు వాయించిన మనుష్యుడు మరల స్టూడియోకు పిలువబడుట అంత తగ్గును. ఒక దినపు కూలితో అతని చేయి అచ్చటనే యుండిపోయినది. అతడు మాత్రము ఇంటికి పోయినాడు.

ఇది మన దేశమునకే పరిమితమైన అన్యాయము కాదు. 1969లో 'ది విన్‌స్టన్స్' అను అమెరికా బృందము రికార్డు చేసిన 'ఆమెన్, బ్రదర్' అను గీతములో గ్రెగరీ కోల్‌మన్ కొన్ని సెకనులపాటు ఒంటరిగ డ్రమ్ములు వాయించెను. ఆ కొన్ని సెకనులు శాంపిల్‌గ కోయబడి వేల పాటలలో వాడబడినవి. కోల్‌మన్‌కు అందువలన వచ్చినదేమియు లేదు. 2006లో ఆయన నిరాశ్రయుడై మరణించెను. జేమ్స్ బ్రౌన్ బృందములోని క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ 'ఫంకీ డ్రమ్మర్' అను గీతమున వాయించిన దరువునకును అదే గతి పట్టినది. 2017లో చనిపోవునంతవరకు ఆయన చెప్పుకొన్న బాధ ధనముకంటె పేరును గూర్చియే.

మన చట్టము ఈ విషయమున ఏమి చెప్పుచున్నది? 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో జరిగిన సవరణ ప్రదర్శనకారులకు హక్కులను విస్తరింపజేసినది. ప్రదర్శనకారుడను మాటలో గాయకునితోపాటు వాద్యకారుడును చేరియున్నాడు, పాములనాడించువాడుకూడ చేరియున్నాడు. హక్కు 50 సంవత్సరములు. సినిమాలో చేర్చుటకు వ్రాతమూలకముగ అంగీకరించిన పిమ్మట నిర్మాతను అడ్డగించుటకు వీలులేదు. అయినను ప్రదర్శన వ్యాపారమునకు వాడబడినపుడు రాయల్టీకి అర్హత కలదు. ఇంతవరకు చదివిన వాద్యకారుడు సంతసించును. కాని నిర్వచనమునకే ఒక మెలిక కలదు. సినిమాలో ఎవని ప్రదర్శన యాదృచ్ఛికమో, పరిశ్రమ ఆచారము ననుసరించి ఎవని పేరు ఎచ్చటను ప్రకటింపబడదో, వానిని ప్రదర్శనకారునిగ పరిగణింపరు. తన ప్రదర్శనను వికృతము చేయరాదని అభ్యంతరము చెప్పు హక్కు ఒక్కటి మాత్రము వానికి మిగులును.

ఈ మెలికను నెమ్మదిగ చదువవలెను. పేరు వేయకపోవుట ఆచారమైనచో, ఆ ఆచారమే హక్కు లేకుండుటకు ఒక కారణమగుచున్నది. గాయకుని పేరు పాటతోపాటు వచ్చును. సంగీత దర్శకుని పేరు అంతకంటె పెద్ద అక్షరములతో వచ్చును. డప్పు, డోలక్కు, పంబ వాయించినవారి పేర్లు? ఇటీవల కొందరు సంగీత దర్శకులు తమ పాటల వివరములలో ప్రతి వాద్యకారుని పేరును ప్రకటించుచున్నారు. అది అభినందనీయమైన పని. అట్లు చేయనివారు ఇంకను పెక్కుమంది. అందులోను, యంత్రము క్రింద కలిపివేయబడిన లయకారుని పేరు మొట్టమొదట మాయమగుచున్నది. వీణ వినబడినచో వీణ వాయించినవాడెవడని ఎవరో ఒకరు అడుగుదురు. యంత్రపు గుమకతో కలిసిన డప్పు వినబడినచో, అడుగవలెననుకూడ తోచదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 50 ఏండ్లు నిండిన డప్పు కళాకారులకు నెలకు పింఛను ఇచ్చుచున్నది. 2024 జూలైలో దానిని 4,000 రూపాయలు చేసినది. డప్పు వాయించువాడు కళాకారుడని ప్రభుత్వపు జాబితా ఒప్పుకొనినది. అదే మనుష్యుని దెబ్బ స్టూడియో కంప్యూటరులో 'డప్పు – 1', 'డప్పు – 2' అను పేర్లతో నిలిచియుండుట చూచినచో, పింఛను జాబితాయే నయమనిపించును. అందు కనీసము ఊరు పేరు ఉండును.

ఇది తీర్చరాని చిక్కేమియు కాదు. ఎవరు, ఏ దినమున, ఏ స్టూడియోలో, ఏ వాద్యమును వాయించిరో రికార్డింగు జరుగుచున్నప్పుడే కంప్యూటరున నమోదు చేసి, పాటతోపాటు పంపుటకు 'రిన్' అను అంతర్జాతీయ ప్రమాణము కలదు. దానికి కొత్త యంత్రము అక్కరలేదు. చర్మపు దెబ్బకును యంత్రపు దెబ్బకును నడుమనున్న ఎనిమిది మిల్లీసెకనుల తేడాను తెరపై వెదకి పట్టి సరిదిద్దు ఇంజనీరు, ట్రాకు పేరు వ్రాయు గడిలో 'డప్పు – 1' తరువాత ఒక మనుష్యుని పేరు చేర్చుటకు పట్టు కాలము పది సెకనులు.